కొత్తగా సెక్షన్ బాధ్యత తీసుకున్నాను: మంచి నాయకత్వానికి ముందుగా ఏ నేర్పు కావాలి?

పదకొండు కేవీ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. విద్యుత్ పంపిణీలో ఒక గ్రామీణ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి ఎనిమిది నెలలయింది. లైన్ ఇన్‌స్పెక్టరు, లైన్‌మన్లు, జూనియర్ లైన్‌మన్లు, సబ్‌స్టేషన్ ఆపరేటర్లు అందరూ కలిపి నా కింద పద్దెనిమిది మంది పనిచేస్తున్నారు. వారిలో కొందరు నేను పుట్టక ముందే స్తంభాలెక్కినవారు.

గత నెలలో జరిగిన ఒక సంఘటన నన్ను ఇంకా వదలడం లేదు. ఒక ఊరికి వెళ్ళే 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) కొమ్మ లైనులో పగిలిన పిన్ ఇన్సులేటర్‌ను (తీగ స్తంభానికి తగలకుండా పట్టి ఉంచే దిమ్మను) మార్చవలసి వచ్చింది. మిగిలిన ఊళ్ళకు సరఫరా ఎక్కువసేపు ఆగకూడదని, ముందు సబ్‌స్టేషన్ నుంచి ఫీడరుకు (మెయిన్ లైనుకు) ఎల్.సి., అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే లైన్ క్లియర్ అనుమతి, తీసుకుని, కొమ్మ మొదట్లో ఉన్న ఏబీ స్విచ్‌ను (మూడు తీగల బ్లేడ్లనూ ఒకే హ్యాండిల్‌తో విడదీసే స్విచ్‌ను) తెరిచి, తరువాత మెయిన్ లైనును తిరిగి ఛార్జ్ చేయించి (కరెంటు ఇప్పించి) పని మొదలుపెట్టాలనుకున్నాము. హ్యాండిల్ కిందికి లాగారు, తాళం వేశారు. మెయిన్ లైను ఛార్జ్ చేయమని ఆపరేటరుకు ఫోను చేయబోతుండగా, ఉద్యోగంలో చేరి ఏడాదైనా నిండని ఒక జూనియర్ లైన్‌మన్ తలెత్తి చూసి, "మేడమ్, మధ్య బ్లేడు విడలేదు" అన్నాడు. చూస్తే అంచుల్లోని రెండు బ్లేడ్లు విచ్చుకుని ఉన్నాయి, మధ్యది మాత్రం కాంటాక్టులోనే ఉండిపోయింది. మెయిన్ లైను ఛార్జ్ చేసి ఉంటే మేము పనిచేసే కొమ్మలోకి కూడా కరెంటు వచ్చేది. ఎర్త్ రాడ్లు (తీగను నేలకు కలిపే కడ్డీలు) వేయకుండా ఎవరూ స్తంభం ఎక్కరన్న మాట నిజమే కాని, ఆ రాడ్డు పట్టుకునేదీ ఒక మనిషే కదా.

ఆ స్విచ్ రెండు వారాలుగా అలాగే మొరాయిస్తున్నదని మా లైన్ ఇన్‌స్పెక్టరుకు ముందే తెలుసునని సాయంత్రం బయటపడింది. ఎందుకు చెప్పలేదని అడిగితే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "మొన్న మీటింగులో అందరి ముందూ మాట పడ్డాను కదమ్మా, మళ్ళీ ఎందుకని, స్టోర్సు నుంచి సామాను రాగానే నేనే బాగు చేయిద్దామనుకున్నాను" అన్నారు. ఆయన చెప్పినది నిజం. అంతకు ముందు నెల సమీక్షలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిన విషయం మీద, "ఇరవై ఐదేళ్ళ సర్వీసు ఉండి ఏమి లాభం?" అని నేను అందరి ఎదుటా అన్నాను.

నాయకత్వం మీద శాఖ ఇచ్చిన మూడు రోజుల శిక్షణకు నేను వెళ్ళాను. సంభాషణ, సమయపాలన, ప్రేరణ, దూరదృష్టి అని తెరమీద వరుసగా చూపించారు, అన్నీ రాసుకున్నాను. ఆ మధ్య బ్లేడు సంగతి నా దాకా ఎందుకు రాలేదో ఆ నోట్సులో ఎక్కడా దొరకలేదు. అనుభవజ్ఞులు దయచేసి చెప్పండి: వీటన్నిటిలో ముందుగా చేతికి రావలసిన నేర్పు ఏది?

---

రిటైర్డు హెడ్మాస్టరు

అమ్మా, మీరు తప్పును దాచకుండా రాసినందుకు ముందుగా అభినందనలు. మీ ప్రశ్నకు నా జవాబు చిన్నది: చివరగా మాట్లాడడం. ఇది నాకు యాభై రెండవ ఏట గాని పట్టుబడలేదు.

నేను ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు, పదవ తరగతి పిల్లలకు సాయంత్రం ఆరు వరకు ప్రత్యేక తరగతులు పెట్టాలని సిబ్బంది సమావేశంలో నేనే ప్రతిపాదించి, దాని లాభాలన్నీ నేనే వివరించి, "ఏమంటారు?" అని అడిగాను. అందరూ "అలాగే సార్" అన్నారు. ఎనిమిదవ రోజుకు పొరుగూళ్ళ ఆడపిల్లలు ఒక్కరూ ఆగడం లేదు. వాళ్ళ ఊళ్ళ వైపు వెళ్ళే చివరి బస్సు అయిదుంబావుకేనన్న సంగతి నాకు తెలియదు. ఆ బస్సులోనే రోజూ వచ్చిపోయే సైన్సు అసిస్టెంటుకు తెలుసు, సమావేశంలో ఆయన నా ఎదురుగానే కూర్చున్నాడు. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "మీరు అప్పటికే నిర్ణయించేశారనుకున్నాను సార్" అన్నాడు.

ఆ తరువాత నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. విషయం ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, నా అభిప్రాయం చెప్పకుండా, సర్వీసులో అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ అడిగేవాడిని. పెద్దవారు ముందు మాట్లాడితే చిన్నవారు ఆ మాటకే తల ఊపుతారు. మొదటి రెండు సమావేశాల్లో ఎవరూ ఏమీ చెప్పలేదు, గది నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దాన్ని నేను మాటలతో నింపకుండా ఓర్చుకోవడమే అన్నిటికంటే కష్టమయింది. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నోరు అది.

---

రెండో షిఫ్టు

మాస్టారి మీద గౌరవం ఉంచుకునే నేను విభేదిస్తున్నాను. సిమెంటు కర్మాగారంలో ఇరవై రెండేళ్ళుగా షిఫ్టు చూస్తున్నాను. బడిలో బస్సు తప్పితే పిల్లలు ఒక తరగతి పోగొట్టుకుంటారు, మా దగ్గర గాని ఈ మేడమ్ గారి దగ్గర గాని చెప్పవలసిన మాట అందకపోతే మనిషే పోతాడు. ప్రాణాపాయమని తెలిసీ రెండు వారాలు నోరు విప్పని లైన్ ఇన్‌స్పెక్టరు మీద చర్య తీసుకోకుండా, "నేనెందుకు గట్టిగా మాట్లాడాను" అని ఈమె తనను తాను నిందించుకుంటూ కూర్చోవడం నాయకత్వం అనిపించుకోదు. చనువిస్తే నెత్తికెక్కుతారన్న మాట ఊరికే పుట్టలేదు.

నా షిఫ్టులో చేరే ప్రతివాడికీ మొదటి రోజే ఒకటే చెబుతాను. తప్పు చేసి వచ్చి చెబితే ఇద్దరం కలిసి బాగు చేద్దాం, దాచావని తెలిసిన రోజున గేటు బయట ఉంటావు. ఇంతకంటే పెద్ద నేర్పు నాకు తెలియదు.

---

పదకొండు కేవీ

రెండో షిఫ్టు గారూ, ఆ రాత్రి మెమో రాసి పెట్టుకున్న మాట వాస్తవమే. ఇవ్వలేకపోయాను. మీరు మొదటి రోజే ఆ మాట చెప్పి ఉంచారు, నేను చెప్పలేదు. నేను చెప్పినది, మాటల్లో కాకపోయినా చేతల్లో, దానికి సరిగ్గా వ్యతిరేకం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన సంగతి తానే వచ్చి చెప్పినవాడిని అందరి ముందూ తిట్టాను.

---

పులికాటు

సూళ్ళూరుపేటలో పుట్టి పెరిగినవాడిని కనుక మా వైపు ప్రతి ఇంట్లో చెప్పుకునే ఉదాహరణనే ముందుకు తెస్తున్నాను, తెలిసినవారు మన్నించాలి.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఉపగ్రహాన్ని మోసుకెళ్ళే రాకెట్టు ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం జరిగింది. ప్రాజెక్టు డైరెక్టరు ఏ.పి.జె. అబ్దుల్ కలాం, ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్. మొదటి దశ సవ్యంగా పనిచేసింది, రెండవ దశలో నియంత్రణ తప్పింది, బయలుదేరిన 317 సెకన్లకు రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. విలేఖరులు ఎదురుచూస్తుండగా ధావన్ తానే వారి ముందుకు వెళ్ళి, వైఫల్యానికి బాధ్యత తనదిగా చెప్పి, తన బృందం మీద నమ్మకం ఉందనీ, ఏడాదిలో విజయం సాధిస్తారనీ హామీ ఇచ్చారు. 1980 జూలై 18న అదే వాహనం 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆనాడు మాత్రం విలేఖరుల సమావేశం మీరే నడపండని ఆయన కలాంను ముందుకు పంపారు. ఈ సంగతి కలాం తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు కృతజ్ఞతతో చెప్పుకున్నారు. శ్రీహరికోట కేంద్రానికి 2002లో ధావన్ పేరు పెట్టారు.

మేడమ్ గారూ, ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు పై అధికారి ఎదుట మీరు ఏమి చెప్పారో అది కూడా రాయండి. మీ సిబ్బంది మీ తిట్లకంటే దానినే ఎక్కువ గుర్తుపెట్టుకుని ఉంటారని నా అనుమానం.

---

అసలు సంగతి

పులికాటు గారు చెప్పినదంతా నిజమే. అయితే ఈ కథను నాయకత్వ శిక్షణల్లో ఎప్పుడూ సగమే చెబుతారని నా ఫిర్యాదు. మిగిలిన సగం కూడా కలాం స్వయంగా చెప్పినదే: ప్రయోగానికి కొన్ని నిమిషాల ముందు, ఒక నియంత్రణ భాగం సరిగా లేదని కంప్యూటరు ప్రయోగాన్ని నిలిపివేసింది. పక్కనున్న నిపుణులు లెక్కలు చూసి, ఫరవాలేదు, సరిపడా ఇంధనం నిల్వ ఉంది అన్నారు. కలాం కంప్యూటరును పక్కన పెట్టి ప్రయోగానికి అనుమతి ఇచ్చారు. లోపం బయటపడినది ఆ నియంత్రణ వ్యవస్థలోనే.

అంటే అక్కడ చెడు వార్త అందింది. చెప్పినది యంత్రం గనుక దానికి తిట్లు తింటానన్న భయం కూడా లేదు. అందిన వార్తను ఏమి చేయాలన్న దగ్గరే చిక్కు వచ్చింది. మాస్టారు చెప్పినట్లు అందరి మాటా వినడం ఒక నేర్పయితే, పదిమంది "ఫరవాలేదు" అంటున్నప్పుడు "ఆపండి" అనగలగడం ఇంకొక నేర్పు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. ధావన్ గొప్పతనం కూడా నింద మోయడంతో ముగియలేదు. కారణం తేల్చేదాకా విచారణ సాగనిచ్చి, అదే ప్రాజెక్టు డైరెక్టరును, అదే బృందాన్ని కొనసాగించారు. నిర్ణయం తప్పినవాడిని తీసివేసి ఉంటే, ఎక్కడ తప్పిందో పూర్తిగా తెలిసిన మనిషే బయటకు పోయేవాడు.

---

శంషాబాదు హ్యాంగర్

విమానాల మరమ్మతు విభాగంలో పనిచేస్తున్నాను. అసలు సంగతి గారు లేవనెత్తిన అంశానికి మా రంగంలో ఒక చేదు తేదీ ఉంది: 1977 మార్చి 27, కానరీ దీవుల్లోని టెనెరిఫే. పొగమంచులో ఒకే రన్‌వే మీద రెండు బోయింగ్ 747లు ఢీకొని 583 మంది చనిపోయారు. అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టిన విమానంలో ఫ్లైట్ ఇంజనీరు, ఎదుటి విమానం ఇంకా రన్‌వే నుంచి తప్పుకోలేదేమోనని సందేహం వెలిబుచ్చాడు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా బదులిచ్చాడు. ఆ కెప్టెన్ సంస్థలోని మిగిలిన పైలట్లకు శిక్షణ ఇచ్చే స్థాయివాడు. ఇంజనీరు రెండోసారి అడగలేదు.

మరుసటి ఏడాది డిసెంబరులో అమెరికాలోని పోర్ట్‌లాండ్ దగ్గర ఇంకొక విమానం, చక్రాల సమస్య మీద కెప్టెన్ దృష్టి అంతా నిలిచిపోయి, ఇంధనం అయిపోయి నేలకూలింది. ఇంధనం తగ్గుతోందని పక్కవారికి తెలుసు, మాటల్లో సూచించారు కూడా. ఇటువంటివి వరుసగా జరిగాక 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని మేమందరం నేర్చుకునే శిక్షణకు అదే మొదలు. ఆ శిక్షణ సారమంతా రెండు ముక్కలు: కిందివాడు సందేహాన్ని నసగకుండా చెప్పాలి, పైవాడు ఆ సందేహం తీరేదాకా చేయి కదపకూడదు.

మీ జూనియర్ లైన్‌మన్ తలెత్తి చూసి చెప్పాడు, మీరు ఫోను ఆపారు. ఆ పూట మీ సెక్షన్‌లో ఈ రెండూ జరిగాయి. ఆ కుర్రవాడికి మీరేమన్నారో రాయలేదు.

---

పదకొండు కేవీ

సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, ఆ రోజు అతనికి ఏమీ అనలేదు. కాళ్ళు వణుకుతూ జీపు దగ్గరకు వెళ్ళిపోయాను.

పులికాటు గారి ప్రశ్నకు కూడా జవాబు బాకీ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో ఏడీఈ గారు (నా పై అధికారి) అడిగినప్పుడు, "లైన్ ఇన్‌స్పెక్టరు లోడు చూసుకోలేదు సార్" అన్నాను. ఆయన నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆ వేసవిలో మోటార్ల లోడు పెరుగుతున్నదని ఆయన రెండు నెలల ముందే కాగితం రాసి ఇచ్చారని, అది నా బల్ల సొరుగులోనే ఉందని, మొన్ననే చూసుకున్నాను.

---

పొదుపు పుస్తకం

చెల్లీ, చదువుకున్నవారి మధ్య మాట్లాడడానికి కొంత సంకోచంగానే ఉంది కాని, ఆ సొరుగులోని కాగితం గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. నేను పన్నెండు మంది సభ్యులున్న పొదుపు సంఘానికి రెండు పర్యాయాలు లీడరుగా, తరువాత గ్రామ సంఘానికి అధ్యక్షురాలిగా చేశాను.

మా సంఘాలకు పంచసూత్రాలని ఉంటాయి: క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, పుస్తకాల నిర్వహణ. బయటివారికి ఇవి బ్యాంకు లెక్కల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం నాయకత్వం నేర్పినవి అవే. చాప మీద గుండ్రంగా కూర్చుంటాము, డబ్బు అందరి మధ్యలో పెట్టి లెక్కపెడతాము, ఎవరి పేరున ఎంత జమ అయిందో పుస్తకం రాసే అమ్మాయి బిగ్గరగా చదువుతుంది, అక్షరం రానివారు కూడా విని తలాడించాకే సంతకాలు, వేలిముద్రలు పడతాయి. లీడరు మాట మీద నమ్మకం ఉంచండి అని అడిగే అవసరం రాకుండా చేయడమే ఆ పద్ధతిలోని తెలివి. నీ దగ్గరకు వచ్చిన కాగితం కూడా అలా పదిమందిలో చదివి ఉంటే సొరుగులో ఉండిపోయేది కాదు కదా.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒక సభ్యురాలు వరుసగా మూడు వాయిదాలు కట్టలేదు. సమావేశంలో, అందరూ వింటుండగా, "నీవల్ల సంఘానికి గ్రేడు పడిపోతుంది" అన్నాను. ఆమె తల దించుకుని కూర్చుని, ఆ తరువాతి రెండు సమావేశాలకు రానేలేదు. చివరికి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గేదె చనిపోయిందట, ఆ గేదె కొన్నది మా అప్పుతోనే. భర్తకు తెలియకుండా పుట్టింటి నుంచి తెచ్చి కడదామని తిరుగుతున్నదట. అక్కడే పెరట్లో కూర్చుని వాయిదాను చిన్నది చేసి కొత్త లెక్క వేసుకున్నాము, దాన్ని మరుసటి సమావేశంలో ఆమె చేతనే చెప్పించాను. అప్పటి నుంచి వాయిదా తప్పినవారి ఇంటికి సమావేశానికి ముందు రోజే వెళ్ళేదాన్ని. లెక్క పదిమందిలో చెప్పాలి, కష్టం చాటున వినాలి.

ఇంకొక మాట. మా దగ్గర లీడరు పదవి ఎల్లకాలం ఒకరికే ఉండకూడదని, కొన్నాళ్ళకు మారాలని నియమం. దిగిపోయిన రోజున నాకు బాధ కలిగింది, దాచను. కాని మళ్ళీ చాప మీద మామూలు సభ్యురాలిగా కూర్చున్నప్పుడు, లీడరు గొంతు కింద నుంచి ఎలా వినిపిస్తుందో తెలిసింది. మా నెల్లూరు వైపు దూబగుంటలో 1992లో సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళలో ఎవరికీ పదవి లేదు. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతూ తమ ఇళ్ళ కష్టం ఒకరికొకరు చెప్పుకున్నాకే వారికి ధైర్యం వచ్చింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వర్ధినేని రోశమ్మ పేరు తరువాత అందరికీ తెలిసింది కాని, మొదట అక్కడ జరిగినది ఒకరి మాట ఒకరు వినడమే.

---

రాత్రి డ్యూటీ

శస్త్రచికిత్స విభాగంలో హెడ్ నర్సుగా పనిచేస్తున్నాను, క్లుప్తంగా రాస్తాను. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన ఆపరేషన్ థియేటర్ తనిఖీ పట్టికలో 19 అంశాలున్నాయి. వాటిలో ఒకటి, కోత పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తాము చేయబోయే పని చెప్పుకోవడం. రోజూ కలిసి పనిచేసేవాళ్ళం, పేర్లెందుకని మొదట్లో నవ్వుకునేవాళ్ళం. ఒకసారి తన పేరు బయటకు చెప్పుకున్న పిల్ల, అరగంట తరువాత "సార్, రక్తం అద్దే గాజ్ గుడ్డ ఒకటి లెక్కకు రావడం లేదు" అని చెప్పడానికి అంతగా జంకదు. ఇది నేను కళ్ళారా చూసిన విషయం.

రెండవది, మా వద్ద కొత్తగా చేరిన వారికి మూడు మెట్ల మాటలు నేర్పుతాము. మొదట "నాకు సందేహంగా ఉంది", వినకపోతే "నాకు మనసు ఒప్పడం లేదు", అప్పటికీ వినకపోతే "ఇది ప్రమాదం, ఆపండి". మూడవ మాట వినిపిస్తే ఎంతటి పెద్ద డాక్టరైనా చేయి ఆపాలి. నేర్పినంత మాత్రాన అందరూ ఆపుతారని చెప్పను. ఒక పెద్దాయన మా అమ్మాయిని ఆ మాట అన్నందుకు థియేటరు నుంచి బయటకు పంపిన రోజూ ఉంది. ఆ రోజు ఆమె వెంట నేనూ బయటకు వచ్చి నిలబడ్డాను. లోపలికి రమ్మని కబురు రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది.

---

రెండో షిఫ్టు

రాత్రి డ్యూటీ గారి ఆ నాలుగు నిమిషాలు చదివాక నా మాట కొంత సవరించుకుంటున్నాను. దాచినవాడిని శిక్షించాలన్న మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కాని సొరుగులో కాగితం ఉందని తెలిసిన తరువాత, ఈ విషయంలో ఎవరు దాచినట్లో నాకు స్పష్టంగా లేదు. ఆయన రాసి ఇచ్చాడు, నోటితో చెప్పాడు, రెండుసార్లూ దెబ్బ తిన్నాడు. మూడోసారి ఊరుకున్నాడు. నా షిఫ్టులోనైనా అంతకంటే ఎక్కువ ఆశించలేను.

అయితే ఇక్కడ ఎవరూ ముట్టుకోని విషయం ఒకటుంది. కిందివారి మాట వినడం ఎలాగో అందరూ చెప్పారు. విన్న తరువాత అదే మాట పై అధికారికి చెప్పవలసి వస్తుంది కదా, అక్కడే మనలో చాలామంది చల్లబడిపోతాము. బట్టీ ఆపాలని నా ఫిట్టరు చెబితే వింటాను. ఆపానని మేనేజరుకు చెప్పడానికి మాత్రం గొంతు సవరించుకోవలసి వస్తుంది. టన్నుల లెక్క అడుగుతాడు. ఒకసారి ఉదయం దాకా చూద్దామని లాగించాను. ఆ రాత్రి ఏమీ జరగలేదు, అందుకే నేనింకా ఉద్యోగంలో ఉన్నాను. మరుసటి రోజు నుంచి ఆ ఫిట్టరు నా దగ్గరకు రావడం తగ్గించాడు, కారణం నాకు తెలుసు.

---

రిటైర్డు హెడ్మాస్టరు

రెండో షిఫ్టు గారూ, ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో మీ చివరి పేరా విలువైనది. పైకి చెప్పడంలో నేను పాటించిన మెళకువ ఒక్కటే: ఖాళీ చేతులతో వెళ్ళి సమస్య చెప్పకుండా, ఏమి జరిగింది, ఆపకపోతే ఏమి జరగవచ్చు, ఎంతసేపు ఆపాలి, ఈలోగా ఏమి చేస్తాము అన్న నాలుగు సంగతులను కాగితం మీద పెట్టి చెప్పడం. నోటి మాటకు "చూద్దాంలే" అనడం సులువు, తేదీ వేసిన కాగితానికి అలా అనడం కష్టం.

అమ్మాయీ, మెమో విషయానికి వస్తే, గడచినదానికి మెమో ఇవ్వకండి, ఇకముందు దాచినదానికి తప్పక ఇవ్వండి. అయితే ఏ రోజు నుంచి లెక్క మొదలవుతుందో అందరికీ ముందుగా చెప్పాలి. ఆ రోజున మీ సొరుగు సంగతి కూడా చెప్పవలసి ఉంటుంది. అది లేకుండా మిగిలినదంతా చెబితే వారు నమ్మరు.

---

అసలు సంగతి

ఒక చిన్న చేర్పు. "సార్, మా సిబ్బంది నాకు అన్నీ చెబుతారు" అనే అధికారులను నేను చాలామందిని చూశాను. నెలకు ఎన్ని లోపాలు మీ దృష్టికి వచ్చాయో రాసి పెట్టుకోండి. ఆ సంఖ్య పెరిగితే సెక్షన్ చెడిపోతున్నదని బెంబేలు పడకండి, చాలాసార్లు అది చెప్పడం మొదలైందన్నదానికి గుర్తు. సున్నా వచ్చిన నెలకు మాత్రం భయపడండి.

---

పదకొండు కేవీ

ఆరు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. ఈదురుగాలుల వల్ల స్తంభాలు పడి, వారం పాటు ఇంటికి కూడా సరిగా వెళ్ళలేదు.

మాస్టారు చెప్పిన మరుసటి సోమవారం ఉదయం, లైన్లకు బయలుదేరక ముందు అందరినీ సబ్‌స్టేషన్ వరండాలో కూర్చోబెట్టాను. లైన్ ఇన్‌స్పెక్టరు గారు రాసిన కాగితాన్ని తేదీతో సహా చదివి, అది ఎక్కడ ఉండిపోయిందో చెప్పి, ఆయనకు అందరి ఎదుటా క్షమాపణ చెప్పాను. అందరి ముందూ అన్న మాటకు చాటుగా క్షమాపణ చెబితే చెల్లదని నాకనిపించింది. ఆయన ఇబ్బందిగా లేచి నిలబడి, "ఎందుకు మేడమ్ ఇవన్నీ, బండి బయలుదేరాలి" అన్నారు. ఆ జూనియర్ లైన్‌మన్ చేత ఆ రోజు ఏమి చూశాడో, ఎందుకు తలెత్తి చూశాడో అందరికీ చెప్పించాను. కారణం చాలా చిన్నది. హ్యాండిల్ లాగినప్పుడు ఎప్పుడూ వచ్చే చప్పుడు ఆ రోజు సగమే వచ్చిందట. ఏడీఈ గారికి కూడా ట్రాన్స్‌ఫార్మర్ విషయంలో వాస్తవం ఇదీ అని రాసి పంపాను. ఆయన నుంచి జవాబు రాలేదు. ఆ తరువాతి సమీక్షలో నన్ను రెండు ప్రశ్నలు ఎక్కువగా అడిగారు.

పొదుపు పుస్తకం గారి చాప నుంచి ఒక పద్ధతి తీసుకున్నాను. లోపాల రిజిస్టరు ఒకటి తెరిచి, చెప్పినవారి పేరు, తేదీ, నేను ఏమి చేశానన్నది మూడు గడుల్లో రాసి, ప్రతి సోమవారం బిగ్గరగా చదువుతున్నాము. మూడవ గడి ఖాళీగా ఉంటే అది నా బాకీ. మొదటి వారంలో రెండు లోపాలు వచ్చాయి, నాలుగో వారానికి పదకొండు. వాటిలో ఒకటి, పొలంలో వేలాడుతున్న తీగ గురించి, ఏడాది క్రితమే ఇద్దరికి తెలిసినది. మాట్లాడేటప్పుడు చిన్నవారితో మొదలుపెడుతున్నాను, నా వంతు చివర. ఒకసారి మరచిపోయి ముందే తీర్పు చెప్పేశాను, అందరూ "అలాగే మేడమ్" అన్నారు. మాస్టారు గుర్తుకొచ్చారు.

అందరూ మారిపోయారని చెప్పలేను. ఒక సీనియర్ లైన్‌మన్ ఇప్పటికీ తన వంతు వచ్చినప్పుడు "ఏమీ లేదు" అనే అంటారు. ఆయన కష్టం ఏమిటో వరండాలో బయటపడదని అనిపించి, వచ్చే ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాలనుకుంటున్నాను.

నిన్న ఉదయం అయిదున్నరకు లైన్ ఇన్‌స్పెక్టరు గారు ఫోను చేశారు. "మేడమ్, నిన్న రాత్రి ఫ్యూజు కాల్‌కు వెళ్ళినప్పుడు ఎల్.సి. రిజిస్టరులో తిరిగి ఇచ్చిన టైము రాయించడం మరచిపోయాను, ఆపరేటరు డ్యూటీ దిగేలోపు సరిచేయించాలి" అన్నారు. సరేనన్నాను. ఆయన ఫోను పెట్టేయలేదు. "మధ్య బ్లేడు కూడా వచ్చింది మేడమ్, స్టోర్సులో ఉంది, ఈ రోజు మార్చేద్దామా?" అని అడిగారు. తొమ్మిది గంటలకు ఎల్.సి. తీసుకున్నాము. ఈసారి మెయిన్ ఫీడరు మొత్తం ఆపి.